తప్పు పిల్లాడి ఆశది కాదు

"ఊరికే వస్తుందనుకున్నాడు, ఉన్నదీ పోగొట్టుకున్నాడు. అత్యాశ!" ఆన్‌లైన్ ఆటల్లో మోసపోయిన పిల్లల ప్రస్తావన వస్తే చాలు, పెద్దల నోట ముందుగా వచ్చే తీర్పు ఇది. జంషెడ్‌పూర్‌లో సువర్ణరేఖ ఒడ్డున ఉన్న భుయ్యాడీహ్‌లో, లిట్టీ చౌక్ దగ్గర హిందీలో విన్నా సరే, తాతల కాలంలో ఉత్తరాంధ్ర నుంచి టాటా కంపెనీ పనులకు వచ్చి స్థిరపడిన కుటుంబాల్లో తెలుగులో విన్నా సరే, సారం మారదు. ఫ్రీ ఫైర్ డైమండ్లు, బీజీఎంఐ యూసీ, రాబ్లాక్స్ రోబక్స్, ఫోర్ట్‌నైట్ వీ-బక్స్: ఇవన్నీ ఆటల్లో చెల్లే డబ్బు. వీటిలో దేన్ని ఉచితంగా ఇస్తామన్న వెబ్‌సైటుకు చిక్కినా నేరం పిల్లాడిదే, వాడి లాలచ్‌దే. దాని పక్కనే ఇంకో మాట కూడా ఉంటుంది: "పోయింది ఆట డబ్బే కదా, పోనీ."

ఈ రెండు మాటలూ తప్పే. మొదటిది దొంగను పక్కన పెట్టి దొంగతనానికి గురైనవాడిని బోనెక్కిస్తుంది. రెండోది పోయినదేమిటో తెలుసుకోకుండానే లెక్క మూసేస్తుంది. ఒక పిల్లాడి మనసు నొచ్చుకోవడంతో పోయే విషయం కూడా కాదిది. ఈ తీర్పును నమ్ముకున్న ఇంట్లో నకిలీ సైటును గుర్తుపట్టడం ఎవరికీ రాదు. మోసం జరిగాక ఆ సంగతి బయటికి రాదు. దొంగకు కావలసినవి సరిగ్గా ఆ రెండే.

ముందు "ఊరికే ఎవడిస్తాడు?" అన్న ప్రశ్న సంగతి చూడాలి. ఆటల ప్రపంచంలో ఊరికే ఇచ్చేవాళ్లున్నారు. ఇస్తున్నది ఆ కంపెనీలే. రోజూ ఆట తెరిస్తే బహుమతి, పండగకో బహుమతి, ఏదైనా మిషన్ పూర్తి చేస్తే ఇంకోటి. ఫోర్ట్‌నైట్‌లో డబ్బు కట్టని ఆటగాడికి కూడా బ్యాటిల్ పాస్ ఉచిత మెట్లలో కొన్ని వీ-బక్స్ దక్కుతాయి. ఫ్రీ ఫైర్ తయారుచేసే గరేనా సంస్థ పన్నెండు అక్షరాల రిడీమ్ కోడ్లు విడుదల చేస్తుంది. వాటిని వాడుకోవడానికి ప్రత్యేకంగా ఒక వెబ్‌సైటు కూడా నడుపుతోంది. బీజీఎంఐ నడిపే క్రాఫ్టన్ ఇండియా 2025లో విడతలు విడతలుగా కోడ్లు ఇచ్చింది. ఒక్కో కోడ్ ముందు వచ్చిన పదిమందికే చెల్లుతుందని నియమం పెట్టింది. గూగుల్ ఒపీనియన్ రివార్డ్స్ అనే యాప్‌లో సర్వే ప్రశ్నలకు జవాబిస్తే ప్లే స్టోర్‌లో ఖర్చు పెట్టుకునే సొమ్ము నిజంగానే జమవుతుంది. ఆ సొమ్ముతో ఆటలో సరుకు కొనుక్కోవచ్చు.

ఏడో తరగతి పిల్లాడి కళ్లతో ఇవన్నీ కలిపి చూడాలి. కోడ్ కొడితే బహుమతి వస్తుంది, అది నిజం. వేరే వెబ్‌సైటుకు వెళ్లాలి, అదీ నిజం. త్వరపడకపోతే అయిపోతుంది, అదీ నిజమే. సర్వే నింపితే డబ్బు వస్తుంది, అది కూడా నిజం. నకిలీ సైటు చేసేదల్లా ఈ నాలుగు నిజాలనూ ఒకే పేజీలోకి తెచ్చి తన ఉచ్చు పన్నడం. అక్కడికి వెళ్లిన పిల్లాడు అసంభవమైన దాన్ని ఆశించి వెళ్లడం లేదు, నిన్న తన ఫోన్లోనే జరిగినదాన్ని ఇవాళ మళ్లీ ఆశిస్తున్నాడు. దాన్ని అత్యాశ అనడం అన్యాయం. పైగా పెద్దలు నడిపే వార్తా సైట్లు "నేటి ఫ్రీ ఫైర్ మ్యాక్స్ రిడీమ్ కోడ్లు ఇవే" అంటూ రోజూ ప్రచురిస్తున్నాయి. చాలా కోడ్లు అప్పటికే గడువు తీరిపోయి ఉంటాయి. పనిచేయని కోడ్ కొట్టి విసిగిన పిల్లాడు "పనిచేసే కోడ్" కోసం వెతుకుతాడు. ఆ వెతుకులాట ఎక్కడికి తీసుకెళ్తుందో వేరే చెప్పనక్కర్లేదు. ఈ దారి వేసింది పిల్లలు కాదు.

అయితే పెద్దల అనుమానంలో ఒక సత్యం ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. "జనరేటర్" అని పేరు పెట్టుకుని, ఐడీ కొడితే పదివేల డైమండ్లు, ఇరవైవేల రోబక్స్ వేస్తామనే సైట్లలో నిజమైనది ఒక్కటీ లేదు. అలాంటిది ఉండే అవకాశమే లేదు. ఆట డబ్బు పిల్లాడి ఫోన్లో ఉండదు. కంపెనీ సర్వర్‌లోని ఖాతా పుస్తకంలో ఒక అంకెగా ఉంటుంది, ఫోన్ ఆ అంకెను చూపిస్తుంది, అంతే. పాస్‌బుక్కులో మనమే పెన్నుతో సున్నాలు చేర్చుకుంటే బ్యాంకులో డబ్బు పెరగనట్టే, బయటి వెబ్‌సైటు ఏదీ ఆ అంకెను పెంచలేదు. పిల్లాడికి చెప్పవలసిన కారణం ఇది. "ఆశపడకు" అంటే వాడికి అర్థమయ్యేది ఏమీ లేదు. "అంకె ఎక్కడుందో ఆలోచించు" అంటే ఆ సైటు ఎందుకు అబద్ధమో వాడే మిగతా పిల్లలకు వివరిస్తాడు.

మరి ఇవ్వలేని సొమ్ము ఇస్తానన్నవాడికి ఏం మిగులుతుంది? ఆ పేజీ నడక చూస్తే తెలుస్తుంది. మొదట ఆటలోని పేరు అడుగుతుంది, పాస్‌వర్డ్ అడగదు. దాంతో భయం పోతుంది. తర్వాత "సర్వర్‌కు కలుపుతున్నాం" అంటూ ఒక గీత నిండుతుంటుంది. పక్కన "నాకు వచ్చాయి, థ్యాంక్స్" అనే వ్యాఖ్యలు వరసగా జారుతుంటాయి. అవన్నీ ముందే రాసిపెట్టినవే. చివర్లో అసలు ఘట్టం: "మీరు మనిషేనని రుజువు చేసుకోండి." అందుకు రెండు యాప్‌లు దించుకోవాలి, లేదా ఒక సర్వే నింపాలి, లేదా ఫోన్ నంబరు ఇవ్వాలి. పిల్లాడు చేసే ఒక్కో పనికి ప్రకటనల దళారీ నుంచి సైటు యజమానికి కొంత కమిషన్ ముడుతుంది. డైమండ్లు రావు. యాప్‌లు మిగులుతాయి. నంబరు మోసగాళ్ల జాబితాకు ఎక్కుతుంది. ఇది చిల్లర వ్యాపారం కూడా కాదు. జీరోఫాక్స్ అనే భద్రతా సంస్థ 2018లో ఒక్క ఫోర్ట్‌నైట్ పేరు మీదే పరిశీలిస్తే, ఒక్క నెలలో 53 వేల హెచ్చరికలు నమోదయ్యాయి, 4,700కు పైగా మోసపు చిరునామాలు బయటపడ్డాయి.

ఇంకో రకం సైట్లు ఇంతకన్నా ప్రమాదం. అవి "ఫేస్‌బుక్‌తో లాగిన్ అవ్వండి", "గూగుల్‌తో లాగిన్ అవ్వండి" అంటాయి. "ఆట డబ్బే కదా" అనేవాళ్లు ఆగి ఆలోచించవలసిన చోటు ఇదే. పిల్లాడి ఆట ఖాతా చాలా ఇళ్లలో అమ్మ ఫేస్‌బుక్‌కో నాన్న గూగుల్ ఖాతాకో ముడిపడి ఉంటుంది. ఒకే ఫోన్ మీద నడిచే ఇంట్లో మరీను. ఆ పాస్‌వర్డ్ నకిలీ పేజీలో పడితే దొంగ చేతికి చిక్కేవి తుపాకీ స్కిన్లు కావు. ఇంటి ఫొటోలు, పరిచయస్తుల జాబితా, ఈమెయిల్, దాని ద్వారా మిగతా ఖాతాల పాస్‌వర్డ్లు మార్చుకునే అవకాశం. ఆ తర్వాత "అర్జెంటుగా ఐదువేలు పంపండి" అని అమ్మ పేరుతో శ్రీకాకుళంలోని మేనమామకు సందేశం వెళ్లగలదు. దాన్ని ఆట డబ్బు అనగలమా?

జార్ఖండ్‌లో ఉన్నవాళ్లకు ఒక ప్రత్యేకమైన ధీమా ఉంటుంది. జాంతాడా ఈ రాష్ట్రంలోనే ఉంది. ఈశ్వరచంద్ర విద్యాసాగర్ చివరి సంవత్సరాల్లో నివసించి, బడి పెట్టిన కర్మాటాడ్ ఉన్న ఆ జిల్లా పేరు, ఇవాళ దేశమంతటా బ్యాంకు పేరుతో వచ్చే దొంగ కాల్స్‌కు మారుపేరైంది. 2020లో దాని మీద నెట్‌ఫ్లిక్స్ సిరీస్ కూడా వచ్చింది. అందుకే "ఓటీపీ అడిగితే చెప్పకూడదని మాకు తెలుసు, మమ్మల్నెవరూ మోసం చేయలేరు" అంటారు. కానీ జాంతాడా నేర్పిన జాగ్రత్త ఫోన్ చేసే దొంగ గురించి. నకిలీ డైమండ్ల సైటు ఎవరికీ ఫోన్ చేయదు. పిల్లాడే వెతుక్కుంటూ వెళ్తాడు. కొన్ని పద్ధతుల్లో ఓటీపీ ప్రసక్తే రాదు. రాబ్లాక్స్‌లో లాగిన్ అయ్యాక బ్రౌజర్ ఒక రహస్య కుకీని దాచుకుంటుంది. "ఈ కోడ్ కాపీ చేసి పంపు, రోబక్స్ వేస్తా" అని చాట్‌లో నమ్మించి ఆ కుకీని లాగేస్తే, దొంగకు పాస్‌వర్డ్ అక్కర్లేదు, రెండో అంచె ధ్రువీకరణ అక్కర్లేదు. నేరుగా ఖాతాలో కూర్చుంటాడు.

భద్రత పేరుతో ఇళ్లలో చెప్పుకునే గుర్తుల్లో చాలావాటికి కాలం చెల్లింది. "చిరునామా పక్కన తాళం బొమ్మ ఉంటే మంచి సైటే" అన్నది వాటిలో మొదటిది. తాళం చెప్పేది ఒక్కటే: మనకూ ఆ సైటుకూ మధ్య సమాచారం మూడోవాడికి కనబడదని. అవతల కూర్చున్నది దొంగ అయితే, సమాచారం భద్రంగా దొంగకే చేరుతుంది. తాళానికి కావలసిన సర్టిఫికెట్ దాదాపు పదేళ్లుగా ఉచితంగా దొరుకుతోంది. జనం దాన్ని తప్పుగా నమ్ముతున్నారనే గూగుల్ 2023లో క్రోమ్ బ్రౌజర్ నుంచి ఆ బొమ్మనే తీసేసింది.

"అధికారిక స్టోర్‌లో ఉన్నదైతే నమ్మవచ్చు" అన్నది రెండోది. 2022 నవంబరులో సెర్చ్‌బ్లాక్స్ అనే క్రోమ్ ఎక్స్‌టెన్షన్‌లో రాబ్లాక్స్ ఖాతాలు దొంగిలించే రహస్య ద్వారం బయటపడింది. అది గూగుల్ సొంత స్టోర్‌లోనే ఉంది, అప్పటికే రెండు లక్షల మందికి పైగా దించుకున్నారు. "ప్రభుత్వ వెబ్‌సైటో యూనివర్సిటీ వెబ్‌సైటో అయితే భయం లేదు" అన్నది మూడోది. 2023 ఆగస్టులో వైర్డ్ పత్రిక వెలువరించిన కథనం దీన్నీ పడగొట్టింది. ఉచిత రోబక్స్, ఉచిత వీ-బక్స్ పేరుతో పిల్లలకు వల వేసే పీడీఎఫ్‌లను మోసగాళ్లు అనేక ప్రభుత్వ, విశ్వవిద్యాలయ సైట్లలోకే ఎక్కించారు. సెర్చ్‌లో పేరున్న చిరునామా కింద కనబడితే ఎవరికి అనుమానం వస్తుంది?

ఈ మూడు చోట్లా మోసపోయినవాళ్లలో జాగ్రత్తగా ఉండాలనుకున్నవాళ్లూ ఉంటారు. తాళం చూసినవాళ్లు, స్టోర్ చూసినవాళ్లు, ప్రభుత్వ చిరునామా చూసి నమ్మినవాళ్లు. వాళ్లను అత్యాశపరులంటే ఎలా?

పనికొచ్చే గుర్తులు లేకపోలేదు, కాకపోతే అవి నేర్పాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది చిరునామా చదవడం. మొదట్లో హెచ్‌టీటీపీఎస్ పక్కనుండే జంట గీతలను వదిలేసి, వాటి తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత దగ్గర ఆగి, అక్కడి నుంచి ఎడమవైపుకు వెనక్కి చదవాలి. గీతకు ఆనుకుని ఉన్న చివరి రెండు ముక్కలే ("గవ్ డాట్ ఇన్" లాంటి ముగింపు ఉంటే మూడు) ఆ సైటు యజమాని పేరు. మొదట్లో "రాబ్లాక్స్ డాట్ కామ్" అని రాసి, వెంటనే ఇంకో చుక్కో హైఫనో పెట్టి మరో పేరు తగిలిస్తే, ఆ సైటు ఆ చివరి పేరువాడిది. ఎడమ నుంచి చదివే అలవాటున్న కన్ను రాబ్లాక్స్ దగ్గరే తృప్తిపడి ఆగిపోతుంది. మోసం ఆ అలవాటు మీదే నిలబడింది. చదవడం నేర్చిన ఏ పిల్లాడికైనా ఇది పది నిమిషాల పాఠం. భుయ్యాడీహ్ బడుల్లో కంప్యూటర్ పీరియడ్ ఉన్న ప్రతి చోటా చెప్పవచ్చు.

ఇక లాగిన్. "ఎక్కడా ఫేస్‌బుక్‌తో లాగిన్ అవ్వకు" అనే సలహా ఇంట్లో తేలిగ్గా ఇచ్చేస్తారు. కానీ గరేనా అసలైన బహుమతుల సైటే ఆటకు ముడిపెట్టిన ఖాతాతో లాగిన్ అడుగుతుంది. ఆ సలహా మొదటి రోజే వీగిపోతుంది. ఒకసారి వీగిన సలహాను పిల్లాడు రెండోసారి వినడు. చెప్పవలసింది ఇంకోలా ఉంది: ఫేస్‌బుక్ పాస్‌వర్డ్‌ను ఫేస్‌బుక్ చిరునామా ఉన్న పేజీలో తప్ప టైపు చేయకూడదు. ఫోన్‌లో దాచుకున్న పాస్‌వర్డ్ రోజూ తనంతట తానే నిండుతూ, ఈ పేజీలో మాత్రం నిండకపోతే, పేజీ మారిందని ఫోనే చెబుతున్నట్టు. బీజీఎంఐ రిడీమ్ పేజీ అడిగేది క్యారెక్టర్ ఐడీ, కోడ్, తెరపై కనబడే అక్షరాలు మాత్రమే. పాస్‌వర్డ్ అడిగితే అది క్రాఫ్టన్ పేజీ కాదు. యూపీఐ విషయంలో ఒక్క వాక్యం చాలు: డబ్బు రావడానికి పిన్ కొట్టనక్కర్లేదు, క్యూఆర్ స్కాన్ చేయనక్కర్లేదు.

పూర్తి ఉచితం కాదు, "సగం ధరకే టాప్-అప్" అనేవాళ్ల సంగతి మరింత గట్టిగా చెప్పాలి, ఎందుకంటే వీళ్లను పెద్దలు కూడా నమ్ముతారు. డబ్బు కడుతున్నాం కాబట్టి మోసం కాదనుకుంటారు. కానీ ఆ చవక సరుకు ఎక్కడిదో చూడాలి. కౌంటర్-స్ట్రైక్ ఆటలో పెట్టెలు తెరిచే తాళంచెవులను ఆటగాళ్లు ఒకరికొకరు అమ్ముకోవడాన్ని వాల్వ్ కంపెనీ 2019 అక్టోబరులో ఆపేసింది. అలా చేతులు మారుతున్న తాళంచెవుల్లో దాదాపు అన్నీ మోసంతో సంపాదించిన సొమ్మువేనని అప్పట్లో ఆ కంపెనీయే ప్రకటించింది. దొంగిలించిన కార్డుతో కొన్న సరుకును చౌకగా అమ్మేయవచ్చు. కార్డు యజమాని ఫిర్యాదు చేయగానే కంపెనీ ఆ సరుకును వెనక్కి తీసుకుంటుంది. ఒక్కోసారి ఖాతానే మూసేస్తుంది. మధ్యవర్తికి కట్టిన డబ్బు తిరిగి రాదు.

"అసలు ఆటలనే నిషేధిస్తే పీడ పోతుంది కదా" అనే వాదనకు దేశం ఇప్పటికే పరీక్ష పెట్టింది. 2020 సెప్టెంబరు 2న పబ్‌జీ మొబైల్‌ను నిషేధించారు. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌ను, జూలైలో బీజీఎంఐని కొంతకాలం ఆపారు. ఆడేవాళ్లు ఆడుతూనే ఉన్నారు. స్టోర్‌లో దొరకనిది ఎక్కడి నుంచో ఏపీకే ఫైలుగా దించుకున్నారు. అంటే పిల్లల్ని స్టోర్ కాపలా నుంచి బయటికి నెట్టింది నిషేధమే. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందెం పెట్టే ఆటలను నిషేధించింది. అది మంచిదే. కానీ నకిలీ డైమండ్ల సైటు అసలు ఆటే కాదు, దాన్ని పట్టుకోవలసింది ఐటీ చట్టంలోని 66సీ, 66డీ సెక్షన్లు.

ఆశ గురించే మాట్లాడాలంటే, దాన్ని పెంచి పోషించినవాళ్ల గురించి కూడా మాట్లాడాలి. 2022 డిసెంబరులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్యతో ఫోర్ట్‌నైట్ యజమాని ఎపిక్ గేమ్స్ 52 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. అందులో 24.5 కోట్లు, అక్కర్లేని కొనుగోళ్లు చేయించే తెర అమరికలకు సంబంధించినవి. పెద్దల అనుమతి లేకుండా పిల్లలు ఒక్క మీట నొక్కితే డబ్బు కట్ అయ్యేలా పెట్టారన్నది ఆరోపణల్లో ఒకటి. ఇంత ఒత్తిడి పెట్టి అమ్మే దుకాణం ముందు నిలబడిన పిల్లాడు చవకదారి వెతికితే, దోషమంతా వాడి స్వభావానిదేనని తేల్చడం ఏం న్యాయం?

ఇప్పుడు అన్నిటికన్నా బరువైన విషయం. తిట్లు తినాల్సి వస్తుందని తెలిసిన పిల్లాడు చెప్పడు. 2021లో ఛత్తీస్‌గఢ్‌లోని కాంకేర్‌లో ఒక ఉపాధ్యాయిని తన ఖాతా నుంచి సుమారు 3.22 లక్షల రూపాయలు మాయమయ్యాయని పోలీసుల దగ్గరికి వెళ్లారు. సైబర్ దొంగల పనే అనుకున్నారు. తీరా చూస్తే పన్నెండేళ్ల కొడుకు ఫ్రీ ఫైర్‌లో ఆయుధాలు కొనడానికి పెట్టిన ఖర్చు అది. 278 లావాదేవీలు, మూడు నెలలు. అక్కడ దొంగ లేడు, నకిలీ సైటు లేదు. కానీ ఇంట్లో నోరు విప్పలేని పిల్లాడు ఎంతకాలం మోయగలడో ఆ అంకె చెబుతోంది. నిజంగా దొంగ ఉన్న చోట మూడు నెలలు అక్కర్లేదు, మూడు గంటల మౌనం చాలు.

సైబర్ మోసాలపై ఫిర్యాదు చేసే 1930 నంబరు వెనకున్న వ్యవస్థ గంటల లెక్కతో నడిచేది. ఫిర్యాదు అందగానే డబ్బు ఏ ఖాతాకు వెళ్లిందో ఆ బ్యాంకుకు సమాచారం పోతుంది. డబ్బు ఇంకా అక్కడే ఉంటే అక్కడే ఆపుతారు. మరో నాలుగు ఖాతాలు దాటాక ఆపడం కష్టం. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఉత్తర్వు కూడా ఇదే దారిలో ఉంది. తప్పు మనదీ బ్యాంకుదీ కాకుండా మూడోవాడిదైనప్పుడు, మూడు పనిదినాల్లోపు చెబితే నష్టం మన మీద పడదు. పాస్‌వర్డ్ మనమే చెప్పేసి ఉంటే, బ్యాంకుకు తెలియజేసే క్షణం వరకు పోయినదే మన భారం. ఆ తర్వాత పోయింది బ్యాంకు భారం. ఆ ఉత్తర్వు ఆశ పడ్డావా అని అడగదు, ఎప్పుడు చెప్పావని అడుగుతుంది.

అందుకే భుయ్యాడీహ్‌లో ఏ ఇంట్లోనైనా పిల్లాడు "నాన్నా, ఏదో తప్పు జరిగింది" అని ఫోన్ తెచ్చి చూపిస్తే, తీర్పు చెప్పే పని అక్కడికక్కడ మానుకుని 1930కి ఫోన్ చేయాలి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. బిష్టుపూర్ సైబర్ ఠాణాకు వెళ్లవలసి వస్తే వెళ్లాలి. పాస్‌వర్డ్ మార్చి, అన్ని పరికరాల నుంచీ లాగౌట్ చేయాలి. కుకీ పోయినప్పుడు కాపాడేది ఆ లాగౌటే. ఫిర్యాదుకు లావాదేవీ సంఖ్య, సమయం, పోయిన మొత్తం బ్యాంకు సందేశంలో దొరుకుతాయి. నకిలీ పేజీ చిరునామా మాత్రం బ్యాంకు దగ్గర ఉండదు. అది బ్రౌజర్ హిస్టరీలో ఉంటుంది. తిడతారని భయపడ్డ పిల్లాడు అందరికన్నా ముందు చెరిపేసేది ఆ హిస్టరీనే.